ఆపరాని వేగములు – ఆపవలసిన వేగములు

(మండపేట దేవాలయ ప్రాంగణమున చేసిన ఉపన్యాస పాఠము)



స్వామివారి సన్నిధిలో నాలుగు మంచి మాటలు చెప్పుకొనుటకు మనమందరము ఈ సాయంకాలము ఇచ్చట కూడితిమి. మీలో కొందరు దుకాణము తలుపులు వేసి వచ్చినారు. కొందరు మిల్లులో లెక్క సగములో ఆపి వచ్చినారు. కొందరు తల్లులు ఉదయము నాలుగు గంటలకు లేచి, ఇంటి చాకిరి, ఉద్యోగపు చాకిరి రెండును ముగించుకొని, రాత్రి వంటను తలచుకొనుచు కూర్చున్నారు. దేహములు ఇచ్చట ఉన్నవి గాని మనస్సులు ఇంకను పనిలోనే ఉన్నవి. కనుక నేడు ఆ పనిని గూర్చియే చెప్పదలచితిమి. పని మితిమీరినపుడు దేహమునకు ఏమగును, దానికి మన శాస్త్రములు పెట్టిన హద్దు ఏది, ఆ హద్దును నేటి కాలములో నిలుపుకొనుట ఎట్లు అనునవియే నేటి విషయములు.

దేవాలయములో ఈ ప్రసంగమేల యని ఎవరైన అడుగవచ్చును. ధర్మమును ఆచరించుటకు మొదటి పనిముట్టు దేహమేనని పెద్దలు చెప్పినారు. నాగలి విరిగిన రైతు దున్నలేడు. దేహము చెడిన గృహస్థు దానము చేయలేడు, వ్రతము చేయలేడు, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఒక కథయైన చెప్పలేడు. కావున దేహరక్షణము ధర్మములో భాగమే.

మన సీమ పని

మండపేట పనికి వెనుదీయని ఊరు. గోదావరి తూర్పు డెల్టాలో సార్వా పంట, దాళ్వా పంట ఒకదాని వెంట ఒకటి వచ్చును. కోతలు మొదలైనది మొదలు కళ్లములనుండి ధాన్యము బస్తాలు బియ్యపు మిల్లులకు రాసాగును. మిల్లు యజమానికి నిద్ర లేదు, గుమాస్తాకు నిద్ర లేదు, బస్తాలు మోయు ముఠా కూలీకి నడుము ఎత్తుటకు వ్యవధి లేదు, లారీ నడుపువానికి రాత్రి పగలు తేడా లేదు. కోళ్ల ఫారములలో పని చేయువారికి పండుగయు లేదు, ఆదివారమును లేదు, కోడికి మేత ఏ దినమునను తప్పదు గదా! ప్రక్కనున్న తాపేశ్వరములో కాజాలు చేయువారు పెండ్లిండ్ల కాలములో పొయ్యి ముందునుండి లేవరు. ద్వారపూడి బట్టల దుకాణములలో గుమాస్తాలు ఉదయమునుండి రాత్రి వరకు నిలువుకాళ్లపై నిలిచియుందురు. ఇక మన బిడ్డలలో అనేకులు హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, అమెరికా మొదలగు దేశములలోను కంప్యూటరు ముందు కూర్చుండి, మన రాత్రియే పగలుగా పని చేయుచున్నారు.

కష్టపడుట మన గౌరవము. దానిని తక్కువ చేయుటకు మేము రాలేదు. కాని ఒక మాట. బస్తాలు ఎత్తు కూలీని మధ్యాహ్నము మూడు గంటలకు, "భోజనమైనదా నాయనా?" అని అడిగి చూడుడు. "ఆయ్, తింటానండి, ఈ లారీ ఒక్కటీ లోడు అయిపోవాలండి" అనును. గుమాస్తాగారిని అడిగినను అదే సమాధానము, యజమానిని అడిగినను అదే సమాధానము. లారీ ఒక్కటి వెళ్లగానే రెండవది వచ్చును. ఆకలి మాత్రము కడుపులో వేచియుండదు. అది మరియొక రూపమున బయటపడును.

దేహము చెప్పు మాట

ఆ రూపములు ఏవి? తల వెనుక భాగమున నొప్పి. మెడ, భుజములు కొయ్యవలె బిగిసిపోవుట. ఛాతీలో బరువు, గుండె దడ. భోజనము చేయగానే మంట, పుల్లని త్రేనుపులు. కొందరికి విరేచనములు, కొందరికి మలబద్ధము. పరుండిన తరువాత నిద్ర రాకపోవుట, వచ్చిన నిద్ర తెల్లవారుజామున మూడు గంటలకు చెదరుట. నిద్రలో పండ్లు కొరుకుట. స్త్రీలకు నెలసరి తప్పుట. ఇంటిలో చిన్న మాటకు పెద్ద కోపము. ఇటువంటి బాధతో వైద్యునివద్దకు వెళ్లి పరీక్షలన్నియు చేయించుకొన్న తరువాత, "ఏమియు లేదు" అని చీటీ వచ్చుట అనేకులకు అనుభవమే. రోగి సంతోషింపవలసినది పోయి మరింత దిగులుపడును. ఏమియు లేనిచో నొప్పి ఎక్కడిది?

నొప్పి నిజమైనదే. దాని పుట్టుక వేరు. 1915లో వాల్టర్ కానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ విషయమును వివరించెను. ఆపద ఎదురైనపుడు ప్రాణి దేహము పోరాటమునకో పలాయనమునకో సిద్ధమగును. మూత్రపిండములపై కూర్చున్న చిన్న గ్రంథులు రసములను విడిచిపెట్టును. గుండె వేగముగా కొట్టుకొనును. రక్తము కడుపునుండి చేతులకు, కాళ్లకు మరలును. కండరములు బిగియును. నోరు ఎండును. జీర్ణశక్తి మందగించును. 1936లో హాన్స్ సెల్యీ అను మరియొక పరిశోధకుడు, ఇట్టి స్థితి దీర్ఘకాలము సాగినచో దేహము మొదట ఎదుర్కొనుననియు, తరువాత అలవాటుపడినట్లు కనిపించుననియు, చివరకు సొమ్మసిల్లుననియు చెప్పెను. నేడు మనము నిత్యము వాడు ఒత్తిడి అను మాట వైద్యములో స్థిరపడుటకు ఆయన కృషియే ముఖ్యకారణము.

పొలము గట్టున త్రాచుపాము ఎదురైనపుడు ఈ ఏర్పాటు మనలను కాపాడును. పాము తొలగిపోవును, పది నిమిషములలో గుండె నెమ్మదించును. కాని నేటి పాము మన జేబులో ఉన్నది. అది మోగినప్పుడెల్ల గుండె ఉలికిపడును. బాకీవాడు, పై అధికారి, గడువు తేదీ, తిరిగివచ్చిన చెక్కు – ఇవి పది నిమిషములలో తొలగునవి కావు. కడుపునుండి మరలిన రక్తము తిరిగి కడుపును చేరుటకు తీరికయే లేదు. బిగిసిన మెడ వదులగుటకు వేళయే లేదు. ఇదియే ఆ నొప్పికి మూలము.

ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. జపాను దేశములో అతిగా పని చేసి మరణించుటకు కరోషి అని ప్రత్యేకముగ ఒక పేరే ఏర్పడినది. దానిని నివారించుటకు 2014లో ఆ దేశము చట్టమును చేయవలసి వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్కను ప్రకటించినవి. వారమునకు 55 గంటలు, అంతకు మించి పని చేయువారికి, 35 నుండి 40 గంటలు పని చేయువారితో పోల్చినచో, పక్షవాతపు ప్రమాదము 35 శాతము, గుండెజబ్బు మరణపు ప్రమాదము 17 శాతము ఎక్కువయట. 2016 ఒక్క సంవత్సరములోనే దీర్ఘకాలపు పనిగంటల కారణముగా ప్రపంచమున సుమారు 7 లక్షల 45 వేలమంది మరణించిరని ఆ సంస్థల అంచనా.

పదమూడు వేగములు

ఇప్పుడు మన ప్రాచీనుల వద్దకు వత్తము. వాగ్భటాచార్యులు రచించిన అష్టాంగహృదయములో సూత్రస్థానము నాలుగవ అధ్యాయమునకు రోగానుత్పాదనీయమని పేరు. అనగా రోగము పుట్టకుండ చూచుకొను విధమును చెప్పు అధ్యాయము. ఆ అధ్యాయమును ఆయన మందులతో మొదలుపెట్టలేదు. దేహమునకు సహజముగ పుట్టు పదమూడు వేగములను ఎన్నడును బలవంతముగ ఆపరాదని మొదలుపెట్టెను. అపానవాయువు, మలము, మూత్రము, తుమ్ము, దప్పిక, ఆకలి, నిద్ర, దగ్గు, శ్రమ చేసినపుడు వచ్చు ఆయాసము, ఆవులింత, కన్నీరు, వాంతి, శుక్రము – ఇవి పదమూడు. చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయములోను ఈ విషయమే విస్తారముగ కలదు.

ఈ జాబితాను నెమ్మదిగా మరల తలచుకొనుడు. మన దినచర్యతో పోల్చి చూడుడు. ఆకలిని ఎవరు ఆపుచున్నారు? లారీ వెళ్లువరకు ఆగుమని మనమే ఆపుచున్నాము. దప్పికను ఎవరు ఆపుచున్నారు? నీరు త్రాగినచో లేచి వెళ్లవలసి వచ్చునని బడిలో ఉపాధ్యాయినులు, దుకాణములలో పని చేయు ఆడపిల్లలు దినమంతయు గొంతు ఎండబెట్టుకొనుచున్నారు. వారికి సరియైన మరుగుదొడ్డి లేకపోవుట ఎవరి దోషము? నిద్రను మనమే కాఫీతో ఆపుచున్నాము. ఆయాసము వచ్చినపుడు ఒక్క క్షణము నిలబడుటకు కూలీకి సిగ్గు, ఆగినచో తోటివారు నవ్వుదురేమో యని. ఇక కన్నీరు! మగవాడు ఏడువరాదని చిన్ననాటినుండి మనమే నేర్పినాము.

వీనిని ఆపినచో ఏమగునో కూడ వాగ్భటుడు చెప్పెను. ఆకలిని ఆపినచో ఒళ్లు విరుచుకొనిపోవుట, అరుచి, నీరసము, శూల, తల తిరుగుట కలుగునట. నిద్రను ఆపినచో తల, కన్నులు బరువెక్కి, బుద్ధి మందగించి, దేహమంతయు నొప్పులు పుట్టునట. శ్రమశ్వాసను ఆపినచో హృద్రోగమునకు దారితీయునట. కన్నీటిని ఆపినచో తలనొప్పి, గుండెలో నొప్పి, మెడ బిగియుట, అరుచి, భ్రమ కలుగునట. మెడ బిగియుట, గుండెలో నొప్పి! ఇందాక మనము చెప్పుకొన్న బాధలు ఇవియే గదా! ప్రాచీన గ్రంథములోని ప్రతి మాటను నేటి వైద్యశాస్త్రము ఒప్పుకొనుననుట మా ఉద్దేశము కాదు. మనస్సులో అణచినది దేహములో పలుకునని ఆయన గమనించెను. ఆ గమనింపునకు మేము నమస్కరించుచున్నాము.

కన్నీటిని అణచినవానికి ఆయన చెప్పిన చికిత్స ఏమి? నిద్ర, ప్రియమైన మాటలు ముఖ్యముగ పేర్కొనెను. శ్రమకు చికిత్స ఏమి? విశ్రాంతి. ఇవి అంగడిలో దొరకునవి కావు. ఇంటిలో ఒకరికొకరు ఇచ్చుకొనవలసినవి.

ఆపవలసినవి

ఇచ్చట చరకాచార్యులు మరియొక మెట్టు ఎక్కిరి. ఆపరాని వేగములను చెప్పిన వెంటనే, తప్పక ఆపవలసిన వేగములను కూడ చెప్పిరి. లోభము, శోకము, భయము, క్రోధము, అహంకారము, సిగ్గు విడుచుట, ఈర్ష్య, మితిమీరిన ఆసక్తి, పరుల సొమ్ముపై కోరిక – మనస్సునకు సంబంధించిన ఈ వేగములకు కళ్లెము వేయవలెనని ఆయన ఆజ్ఞ.

మన దుఃస్థితి ఏమనగా, మనము ఈ రెంటిని తారుమారు చేసితిమి. ఆపరాని ఆకలిని ఆపుచున్నాము, ఆపవలసిన లోభమును విడిచిపెట్టుచున్నాము. ఆపరాని నిద్రను ఆపుచున్నాము, ఆపవలసిన ఈర్ష్యను పెంచుకొనుచున్నాము. ప్రక్కవాని మేడకు ఇంకొక అంతస్తు లేచినదని మన నిద్ర చెడుచున్నది. ఆపరాని కన్నీటిని మింగుచున్నాము, ఆపవలసిన క్రోధమును ఇంటికి వచ్చి భార్యపైన, బిడ్డలపైన వెళ్లగ్రక్కుచున్నాము. నేటి ఉపన్యాసములో మీరు ఏది మరచినను ఈ ఒక్క మాటను మరువవద్దు. దేహము అడిగినది కాదనకుడు, లోభము అడిగినదంతయు ఇయ్యకుడు.

అదే గ్రంథములో వాగ్భటుడు మరియొక హెచ్చరిక చేసెను. వ్యాయామము, జాగరణము, దూరప్రయాణము, అధిక భాషణము మొదలగువానిని శక్తికి మించి చేయువాడు, ఏనుగును ఈడ్చుకొనిపోవు సింహమువలె నశించునట. సింహము బలహీనమైనది కాదు. ఏనుగును చంపగలిగినది కూడ. కాని చంపిన దానిని ఈడ్చుకొనిపోవలెనను పట్టుదలయే దాని ప్రాణము తీసెను. మనలో ఎక్కువ మంది చెడుట చేతగాక కాదు, ఈడ్చుట మానలేకయే.

పని దైవము కాదా?

"స్వామీ! కర్మ చేయుమని గదా గీత చెప్పినది? మీరు విశ్రమింపుమనుచున్నారేమి?" అని అడుగువారు కలరు. మంచి ప్రశ్నయే. రెండవ అధ్యాయములో భగవానుడు అర్జునునకు పనియందు అధికారమిచ్చెను, ఫలమును గూర్చిన తపనను విడువుమనెను. మనము పనిని ఉంచుకొని తపనను విడువలేదు. తపననే పని యనుకొనుచున్నాము. రాత్రి రెండు గంటలకు మంచముపై దొర్లుచు రేపటి ధరను గూర్చి చింతించుట కర్మ కాదు. అందువలన ఒక బస్తాయైన కదలదు.

ఆరవ అధ్యాయమున 16, 17 శ్లోకములలో భగవానుడు ఇంకను స్పష్టముగ చెప్పెను. అతిగా తినువానికి, అసలు తిననివానికి, అతిగా నిద్రించువానికి, అతిగా మేల్కొనియుండువానికి యోగము సిద్ధింపదు. ఆహారమునందు, విహారమునందు, చేయు పనులయందు, నిద్రయందు, మెలకువయందు మితము పాటించువానికే యోగము దుఃఖమును పోగొట్టునది అగును. ఇచ్చట ఆయన సన్న్యాసులతో మాటలాడుట లేదు. యుద్ధభూమిలో, దేశములో అందరికంటె పెద్ద పని నెత్తిపైనున్నవానితో మాటలాడుచున్నాడు. పద్దెనిమిది అక్షౌహిణుల నడుమ నిలిచినవానికే భోజనము, నిద్ర మితముగ కావలెనని చెప్పినపుడు, మన లారీ లోడు ఏపాటిది?

ఈ దేవాలయమునే చూడుడు. తెల్లవారుజామున సుప్రభాతముతో స్వామిని మేల్కొలుపుదుము. మధ్యాహ్నము నైవేద్యము కాగానే తలుపులు మూయుదుము. రాత్రి ఏకాంతసేవ చేసి పవళింపజేయుదుము. ఎంత గొప్పవారు వచ్చినను ఆ వేళ తలుపు తెరువరు. లోకములను పాలించు స్వామికి విశ్రాంతి అవసరమా? అవసరము లేదు. మనకు నేర్పుటకే ఆ సేవ. భక్తుడు తన ఇంటిలో మాత్రము రాత్రి పన్నెండు గంటలకు కూడ ఫోను తలుపు తెరచియే ఉంచుచున్నాడు.

కాలువ కట్టు కాలము

మన కండ్ల ముందున్న మరియొక పాఠము కలదు. దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట వేసవిలో గోదావరి డెల్టా కాలువలకు నీరు కట్టివేయుదురు. ఆ కాలములో పూడిక తీయుదురు, గట్లు సరిచేయుదురు, లాకుల తలుపులు మరమ్మతు చేయుదురు. తొలకరికి మరల నీరు వదలుదురు. కాలువ కట్టిన దినములు వ్యర్థమైన దినములని ఏ రైతైన అనునా? అవి లేనిచో పూడిక పేరుకొని, చివరి పొలమునకు నీరు అందదు. ఏడాది పొడవున పారు కాలువకే మరమ్మతు కాలము కావలెను. మానవ దేహమునకు వలదా?

ఆ కాలువల నిర్మాతయైన సర్ ఆర్థర్ కాటన్ జీవితమే దీనికి నిదర్శనము. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలైనది. ఎండలో, వేలాది కూలీల నడుమ, నది మధ్యమున చేసిన ఆ శ్రమకు కాటన్ దొరవారి ఆరోగ్యము చెడినది. పని సగములో ఉండగానే దానిని తన క్రింది అధికారియైన ఆర్ దొరవారికి అప్పగించి ఆయన సెలవుపై వెళ్లవలసి వచ్చినది. ఆనకట్ట ఆగిపోలేదు. కాటన్ దొరవారు కోలుకొని తిరిగివచ్చిరి. 1852లో పని పూర్తియైనది. డెల్టా అన్నపూర్ణ యైనది. 1803లో జన్మించిన ఆ మహనీయుడు 1899 వరకు, తొంబదియారు సంవత్సరములు జీవించెను. "నేను లేనిచో పని ఆగిపోవును" అను మాట మనలో ప్రతివాడును అనును. గోదావరికి ఆనకట్ట కట్టినవాడే పనిని మరియొకరి చేతిలో పెట్టి విశ్రమింపగలిగెను. మన దుకాణము మన తమ్ముడు రెండు దినములు చూడలేడా?

యజమాని ధర్మము

"విశ్రాంతి తీసుకొనుట మా చేతిలో ఉన్నదా? పనిలోనికి రాకపోయినచో కూలి రాదు" అని శ్రామికులు అనుచున్నారు. వారి మాట సత్యము. నిద్రపొమ్మని కూలివానికి ఉపదేశించి, రాత్రి పదకొండు గంటలవరకు లోడు ఎత్తించుట కపటము. కనుక ఈ భాగము యజమానులకు, అధికారులకు చెప్పుచున్నాము.

చిత్రకూటమున తన్ను వెదకికొనుచు వచ్చిన భరతుని శ్రీరాముడు కుశలమడుగుచు రాజధర్మమును బోధించిన ఘట్టము వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండ నూరవ సర్గలో కలదు. ఆ ప్రశ్నలలో ఒకటి ఇది: సైనికులకు ఇయ్యవలసిన భోజనము, జీతము సకాలములో ఇచ్చుచున్నావా, ఆలస్యము చేయుట లేదు గదా? అడవిలో నారచీరలు కట్టిన రాముడు జీతముల తేదీని గూర్చి అడిగెను! ఆలస్యమైన జీతము ఎంత అనర్థమును తెచ్చునో కూడ హెచ్చరించెను. జీతము ఎప్పుడు వచ్చునో తెలియని ఇంటిలో ఎవరికిని నిద్ర పట్టదు. ధర్మమునకు, అర్థమునకు, కామమునకు వేళలు పంచుకొని నడుచుచున్నావా అనియు ఆయన అడిగెను. దినమంతయు అర్థమునకే ఇచ్చువాడు రాముని ప్రశ్నకు ఏమని బదులు చెప్పును?

దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు 48 గంటలు అను హద్దు 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడికగా ఏర్పడినది. మన దేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కూడ వారమునకు 48 గంటల హద్దును, ఒక సెలవు దినమును విధించినది. చట్టము తనిఖీదారుని కొరకు కాదు. పనివాని కడుపు కొరకు. త్రాగుటకు నీరు, స్త్రీలకు మరుగుదొడ్డి, మధ్యాహ్నము నిర్భయముగ తినుటకు అరగంట, చెప్పిన తేదీకి జీతము – ఈ నాలుగు ఇచ్చిన యజమాని ఆలయమునకు గోపురము కట్టించినవానితో సమానుడు.

ఇల్లాలు, దూరపు బిడ్డలు

ఇంటి యజమానులు కూడ యజమానులే. ఉద్యోగము చేయు ఇల్లాలు సాయంకాలము ఇంటికి వచ్చి రెండవ ఉద్యోగములో చేరును. దానికి ఆదివారము లేదు, పదవీవిరమణ లేదు. "మా ఆవిడకు ఎప్పుడును తలనొప్పియేనండీ" అని వేళాకోళము చేయువారు, ఆమె ఎన్ని గంటలు పరుండుచున్నదో ఒక్కసారి లెక్కించుడు. కూర తరుగుట, పాత్ర కడుగుట, పిల్లవానికి పాఠము చెప్పుట మగవానికి అవమానములు కావు.

దూరదేశములలోని బిడ్డలను గూర్చి ఒక మాట. మహాభారతమున యక్షుడు, "ఎవడు సుఖి?" అని అడుగగా ధర్మరాజు చెప్పిన సమాధానము ఆశ్చర్యకరమైనది. అప్పు లేక, పరదేశవాసము లేక, పొద్దువాలిన పిదపనైనను తన ఇంటిలో కూరాకు వండుకొని తినగలవాడే సుఖి యట. నేడు పరదేశవాసము తప్పనిది కావచ్చును. కాని బిడ్డ ఫోను చేసినపుడు మన మొదటి ప్రశ్న ఏది? "జీతము పెరిగినదా? ఇల్లు కొన్నావా? ఫలానావారి అబ్బాయి కొన్నాడు" అనుచున్నాము. ఆ పిల్లవాడు అక్కడ అర్ధరాత్రి మేల్కొని, మెడ నొప్పితో, ఉద్యోగము నిలుచునో ఊడునో తెలియక ఉన్నాడేమో! తల్లిదండ్రులారా! మొదట, "నాయనా, అన్నము తిన్నావా? నిద్ర పోవుచున్నావా?" అని అడుగుడు. "ఉద్యోగము పోయినను మన ఇల్లు ఉన్నది" అని ఒక్కమారు చెప్పుడు. ఆ ఒక్క మాటతో వాని మెడ కొంత వదులగును.

ఆచరణము

వినుట సులభము, చేయుట కష్టము. కనుక ఐదు నియమములు మాత్రము చెప్పుచున్నాము.

మొదటిది, భోజనము వేళకు. విస్తరి ముందు ఫోను ఉండరాదు. పరిషేచనము చేసి నిశ్శబ్దముగ తిను పూర్వుల ఆచారములోని పరమార్థము అదియే.

రెండవది, సంధ్యాదీపము. దీపము పెట్టు వేళను పనికి, ఇంటికి నడుమ గట్టుగ భావింపుడు. మీ పని ఆలస్యముగ ముగియునట్టిదైనచో, ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొను వేళనే మీ సంధ్యగా చేసికొనుడు. కాళ్లతోపాటు పనిని కూడ గుమ్మము బయట కడిగివేయుడు.

మూడవది, నిద్ర. పరుండు గదిలో లెక్కల పుస్తకము, ఫోను ఉంచవద్దు. రేపటి పనులు ఒక కాగితముపై వ్రాసి మూయుడు. కాగితము మోయును, తల మోయనక్కరలేదు.

నాలుగవది, కట్టు దినము. వారమునకు ఒక దినమో, అది వీలుకానిచో అమావాస్యకో ఏకాదశికో ఒక దినమో పనిని పూర్తిగ ఆపుడు. కనుమనాడు కాకియైనను కదలదని మన పెద్దలు అన్నారు. ఆ దినమున ఎద్దునకు కూడ కాడి లేదు. జగ్గన్నతోటలో ప్రభల తీర్థమునకు కోనసీమ అంతయు కదలునది కూడ కనుమనాడే. ఒక్కడు విశ్రమించినచో సోమరి యందురు. ఊరంతయు విశ్రమించినచో పండుగ యందురు. కావున కుటుంబముతో, తోటి వర్తకులతో కలిసి సెలవు పాటింపుడు.

ఐదవది అన్నింటికంటె ముఖ్యము. నొప్పిని దాచవద్దు. ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో వీపునకో ప్రాకు నొప్పి, చెమట, ఊపిరి ఆడకపోవుట కలిగినచో, "గ్యాసు" అని మందుల దుకాణములో మాత్ర కొని మింగి మరల బస్తాల లెక్కకు కూర్చుండవద్దు. "పని ఒత్తిడిలే" అని కూడ అనుకొనవద్దు. వెంటనే 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి పోవలెను. గుండెజబ్బు కాదని తేల్చవలసినది వైద్యుడు, మీరు కాదు. పరీక్షలలో ఏమియు లేదని తేలిన తరువాతనే పనిని, మనస్సును సరిచేసికొనుట. ప్రదక్షిణములు చేసినచో ఛాతీనొప్పి తగ్గునని మేము చెప్పము. ప్రదక్షిణము చేయుటకు ప్రాణముండవలెను గదా!

మనస్సు క్రుంగినపుడు కూడ వైద్యసహాయము పొందుట లజ్జాకరము కాదు. "పిచ్చి యందురు" అను భయము అనేక కుటుంబములను చీకటిలో ఉంచినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను సహాయకేంద్రమును ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్లు ఎప్పుడైనను ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. జీవించుటయే వ్యర్థమను తలంపు వచ్చినవారు ఒక్క రాత్రియైనను ఒంటరిగ గడుపక, ఇంటివారికి చెప్పవలెను, ఆ సంఖ్యకు చెప్పవలెను. ప్రియమైన మాటలే చికిత్స యని వాగ్భటుడు అన్నది మరువకుడు. సారాయి, సిగరెట్టు, గుట్కాలు ఒత్తిడిని తగ్గించునని భ్రమింపవద్దు. అవి బాకీని వాయిదా వేసి వడ్డీతో వసూలు చేయును.

భగవద్బంధువులారా! మన తాతలు బీదవారు, మనకంటె ఎక్కువ బరువులు మోసినవారు. వారికిని బాధలు కలవు. వారి కాలము తిరిగి రావలెనని మేము కోరుట లేదు. వారు పాటించిన హద్దులలో మంచివి నిలుపుకొనవలెనని మాత్రమే కోరుచున్నాము. మీరు సంపాదించు ధాన్యములో ఒక ముద్ద వేళకు మీరే తినవలెను. మీరు కట్టిన ఇంటిలో మీరు నిద్రింపవలెను. మీరు పెంచిన బిడ్డల పెండ్లి మీరు కన్నులార చూడవలెను. నేటి రాత్రి ఇంటికి వెళ్లి దీపము వద్ద ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ దినమున దేహము అడిగినవానిలో దేనిని కాదంటిని, లోభము అడిగినవానిలో దేనిని ఇచ్చితిని? సమాధానము తెలిసినచో రేపటినుండి ఏమి చేయవలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

స్వామివారి కరుణతో మీకందరకు వేళకు ఆకలి, ఆకలికి అన్నము, అలసటకు నిద్ర, దుఃఖమునకు వినువారు సమకూరుగాక!

స్వస్తి.